చుక్క ఎక్కడిదో తేలాకే స్పానర్ పట్టండి

పాత కార్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది 1986 మోడల్ అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. ఆదివారాలు మాత్రమే తీస్తాం. తీసిన ప్రతిసారీ రేడియేటర్‌లో అర లీటరు దాకా నీళ్లు తగ్గుతున్నాయి. కింద చుక్క కనబడదు. సిగ్నల్ దగ్గర ఆగితే టెంపరేచర్ ముల్లు ఎగబాకుతోంది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైనుండే హెడ్‌కూ మధ్య బిగించే పొర) పోయిందని మెకానిక్ అంటున్నారు. హెడ్ విప్పించమంటారా?
– మలక్‌పేట పాఠకులు

జవాబు: అప్పుడే వద్దు. నీళ్లు ఎంతవరకు పోస్తున్నారో మీరు రాయలేదు. మూతి దాకా పోస్తుంటే ఆ అర లీటరులో చాలా భాగం లీకే కాకపోవచ్చు. ఈ రేడియేటర్లకు కొత్త కార్లలాగా పక్కన డబ్బా ఉండదు. నీళ్లు వేడెక్కి ఉబ్బితే ఎక్కువైనవి ఓవర్‌ఫ్లో పైపులోంచి రోడ్డు పాలవుతాయి, మళ్లీ వెనక్కి రావు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూతికి అంగుళం కిందే ఆపండి. ఓవర్‌ఫ్లో పైపు చివర ఖాళీ బాటిల్ ఒకటి తీగతో కట్టి 20 కిలోమీటర్లు తిరిగి రండి. ఒకటి రెండుసార్లు కొద్దిగా పడి ఆ తర్వాత లెవెల్ అక్కడే నిలిస్తే బండికి జబ్బు లేనట్టే. బాటిల్ ప్రతిసారీ నిండుతుంటే మూత స్ప్రింగు పోయిందో, రేడియేటర్ పూడుకుపోయి నీళ్లు మరుగుతున్నాయో, గ్యాస్కెట్టే పోయిందో చూడాలి. బాటిల్ ఖాళీగా ఉండి రేడియేటర్‌లో మాత్రం తగ్గుతుంటే ముందు బయటి లీకు వెతకాలి.

బయటి లీకు కింద పడకపోవడంలో వింతేమీ లేదు. ఇంజన్ వేడికి చుక్క పడేలోపే ఆవిరైపోతుంది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి అది ఆరిన చోట తెల్లటి చారో, తుప్పు రంగు చారో మిగులుతుంది. టార్చి వేసి ఆ చారను వెతకండి. మొదట వాటర్ పంపు. దాని షాఫ్టు కింద, పంపు బాడీకి చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ తడి గానీ చార గానీ ఉంటే లోపలి సీలు పోయిందని అర్థం. ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో మూసేసేవాళ్లు ఉన్నారు. మూస్తే నీళ్లు బేరింగులోకి వెళ్తాయి, కొన్నాళ్లకు బేరింగు పట్టేసి ఫ్యాన్ వెళ్లి రేడియేటర్‌ను కొడుతుంది. తర్వాత బ్లాకుకున్న డమ్మీ ప్లగ్గులు, అంటే నీటి దారుల రంధ్రాలను మూసే రేకు బిళ్లలు. ఇవి లోపలి నుంచి తుప్పు తింటూ వస్తాయి గనుక సూది మొనంత రంధ్రం పడేదాకా పైకి బాగానే కనబడతాయి. ఒక్కటి పోయిందంటే మిగతావీ అదే వయసువని గుర్తుంచుకుని అన్నీ ఒకేసారి మార్పించండి. హోస్ పైపులను క్లాంపు దగ్గర నొక్కి చూడండి. మెత్తగా ఉబ్బినా, నొక్కితే చిట్లిన చప్పుడు వచ్చినా మార్చాల్సిందే.

రేడియేటర్ షాపులో చేతి పంపుతో ప్రెషర్ టెస్టు చేస్తారు. మూత మీద 7 పౌండ్లని (అది ఆపగల ఒత్తిడి) ఉంటే 7 వరకే ఎక్కించమనండి. పావుగంటలో గేజి ముల్లు పడకపోతే బయట లీకు లేదు.

ఇక గ్యాస్కెట్ సంగతి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ బెల్టు తీసేయండి. పంపు తిరగదు కాబట్టి నీళ్లు కదలకుండా ఉంటాయి. మూత తీసి స్టార్ట్ చేసి చూడండి, ఒక్క నిమిషం చాలు, అంతకు మించి నడపొద్దు. బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్లోని గ్యాసు నీళ్లలోకి వస్తోంది. తర్వాత నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూపించండి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు మాత్రమే బాగా తక్కువ చూపిస్తే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయింది. ఒక్కటే తక్కువైతే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగు పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు గానీ గ్యాస్కెట్ గానీ. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటిది పేరుకుందని కంగారు పడేవాళ్లు ఎక్కువ. వారానికోసారి పది నిమిషాలు తిరిగే బండిలో అది ఆవిరి తేమ వల్ల కూడా వస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా టీ రంగుకు తిరిగితే అప్పుడు భయపడాలి, బండి కదపకూడదు.

ఒకవేళ హెడ్ విప్పాల్సి వస్తే పక్కనుండి చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ ఇంజన్‌లో రాకర్ షాఫ్టును (వాల్వులను నొక్కే చేతులుండే కడ్డీని) పట్టుకునే నట్లలో కొన్ని హెడ్‌ను కూడా పట్టుకుంటాయి. అందుకే రాకర్ తీసే పనికైనా ముందు నీళ్లు దింపేయాలి, హెడ్ నట్లన్నీ కొద్దికొద్దిగా వరసలో వదులు చేయాలి. రాకర్ నట్లు మాత్రమే విప్పితే హెడ్ ఒకవైపు లేచి వంకర పోతుంది, బాగున్న గ్యాస్కెట్ కూడా పాడవుతుంది. బిగించేటప్పుడు మధ్య నుంచి అంచులకు, మూడు దఫాలుగా, టార్క్ రెంచితో (ఎంత బిగించామో చూపే స్పానర్). 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి బిగించి, ఆ వెంటనే టాపెట్ గ్యాప్ (వాల్వుకూ రాకర్‌కూ మధ్య ఖాళీ) చూడాలి. నట్టు దిగితే గ్యాప్ మారుతుంది.

సిగ్నల్ దగ్గర వేడెక్కడానికి చాలాసార్లు మూతే కారణం. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ మూత లేని నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. 7 పౌండ్ల మూత సరిగ్గా పట్టుకుంటే 110 దాకా ఆగుతాయి. స్ప్రింగు నీరసించిన మూతతో ఆ పన్నెండు డిగ్రీలూ పోగొట్టుకుంటున్నారన్నమాట. అలాగని కొత్త కార్ల 13 పౌండ్ల మూత పెట్టకండి, పాత ఇత్తడి ట్యాంకు టంకం విడిపోతుంది. ఫ్యాన్ బెల్టును మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి పోయినా, అంటే స్పార్క్ ఆలస్యంగా పడినా ఇంజన్ వేడెక్కుతుంది, రాడింగ్‌కు (రేడియేటర్ గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడానికి) డబ్బు పెట్టేముందు అది చూపించండి. నీళ్లకు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ రెండు పాళ్లు, కూలెంట్ ఒక పాలు కలపండి. ఇక దారిలో లీకు ఆపడానికి రేడియేటర్‌లో పసుపు వేయడం: ఇల్లు చేరడానికి పనికొస్తుందేమో, ఆ తర్వాత సన్న గొట్టాలను పూడ్చేది కూడా అదే.

ప్రశ్న: అంబాసిడర్ ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య కింద ఆయిల్ కారుతోంది. వెనక సీలు మార్చాలంటే ఇంజన్ దింపాలట. నిజమేనా?
– అల్వాల్ పాఠకులు

జవాబు: పాత 1489 సీసీ ఇంజన్‌లో క్రాంక్ వెనక రబ్బరు సీలే లేదు. షాఫ్టు మీద మర చుట్లలాంటి గాడి ఉంటుంది, తిరిగేటప్పుడు ఆయిల్‌ను వెనక్కి లోపలికి నెడుతుంది. కాబట్టి రాత్రికి రెండు మూడు చుక్కలు పడటం దాని స్వభావం. మడుగు కడితే మాత్రం ముందు బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే పైపు) చూడండి. అది పూడుకుంటే లోపల ఒత్తిడి పెరిగి ఆ గాడిలోంచే ఆయిల్ బయటికి తన్నుకొస్తుంది. విప్పి కిరోసిన్‌తో కడగడానికి అరగంట పని. ఆయిల్ లెవెల్ పై గీత దాటకూడదు. 20డబ్ల్యూ-50 వాడండి, పలచటి కొత్త రకాలు వద్దు. రాకర్ కవరు కార్క్ గ్యాస్కెట్ వెనక వైపు కారినా ఆయిల్ జారి సరిగ్గా అక్కడికే చేరుతుంది. ఇంజన్ వెనక భాగం శుభ్రంగా తుడిచి, టాల్కం పౌడర్ చల్లి పది నిమిషాలు నడపండి. పౌడర్ పైనుంచి తడిస్తే ఇంజన్ దింపే పని తప్పింది.

ప్రశ్న: 1978 ప్రీమియర్ పద్మిని. మే నెలలో అమీర్‌పేట ట్రాఫిక్‌లో టక్కున ఆగిపోతుంది. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది.
– సైదాబాద్ పాఠకులు

జవాబు: రెండింటిలో ఒకటి. పెట్రోల్ పైపులో ఆవిరై అడ్డుపడుతోంది, లేదా స్పార్క్ పుట్టించే కండెన్సర్ గానీ కాయిల్ గానీ వేడికి చచ్చి చల్లారాక బతుకుతోంది. ఆగిన క్షణంలోనే తేల్చుకోవాలి, చల్లారాక ఏ మెకానిక్‌కూ దొరకదు. పెట్రోల్ పైపు ముట్టుకోకముందే, పెట్రోల్ వాసన లేదని చూసుకుని, కరెంటు చూడండి. డిస్ట్రిబ్యూటర్ మధ్య వైరు తీసి, రబ్బరు తొడుగు దగ్గర పొడి గుడ్డతో పట్టుకుని బ్లాకుకు పావు అంగుళం దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించండి. నీలం స్పార్క్ టపటపమంటే కరెంటు బాగుంది. పసుపుగా, నీరసంగా వస్తే ముందు కండెన్సర్ మార్చండి, అది కాయిల్ కంటే చౌక.

స్పార్క్ బాగుంటే పెట్రోల్ పంపు (ఏసీ పంపు అంటారు) మీద తడిగుడ్డ వేసి ఐదు నిమిషాలాగండి. బండి లేచిందంటే అది ఆవిరి అడ్డే. ఎగ్జాస్టుకు దగ్గరగా పోయే పెట్రోల్ పైపును దూరంగా తిప్పించి, మధ్యలో రేకు అడ్డు పెట్టించండి. కార్బురేటర్ కింద వేడిని ఆపే బేకలైట్ దిమ్మె ఉండాలి, పాత రిపేర్లలో దాన్ని పారేసి మామూలు గ్యాస్కెట్ వేసిన బండ్లు చాలా ఉన్నాయి. పంపు కింద దళసరి ప్యాకింగ్ మందం మాత్రం మార్చకండి, లివరు తక్కువ కదిలి పెట్రోల్ చాలదు.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు పైపులూ పంపు డయాఫ్రమూ దానికి తట్టుకోవు. రాణిగంజ్‌లో పైపు కొనేటప్పుడు ఎస్‌ఏఈ 30ఆర్9 అని ముద్ర ఉన్నదే అడగండి.

ప్రశ్న: వాన పడితే పద్మినిలో డ్రైవర్ పక్క సీటు కింద నీళ్లు నిలుస్తున్నాయి. అద్దం చుట్టూ సిలికాన్ పెట్టించినా ఆగలేదు.
– తార్నాక పాఠకులు

జవాబు: ఆ సిలికాన్ వెనిగర్ వాసన వచ్చే రకమైతే తీయించేయండి, రబ్బరు కింద రేకును తినేస్తుంది. మ్యాట్లు తీసి నేల ఆరబెట్టి పాత న్యూస్ పేపర్లు పరచండి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఇంకొకరు బయట మగ్గుతో నీళ్లు పోయాలి. పోసేది కిందినుంచి పైకి: ముందు డోరు అడుగు, తర్వాత వైపర్ కడ్డీల మొదలు, చివరికి అద్దం రబ్బరు. పైనుంచి మొదలెడితే నీళ్లు అన్ని చోట్లా పారి ఏదీ తేలదు. వైపర్ దగ్గరి రబ్బరు వాషర్లు ఎండిపోవడం, డోరు అడుగు రంధ్రాలు మట్టితో మూసుకుపోవడం ఎక్కువగా చూసే కారణాలు. అద్దం రబ్బరే అయితే పెదవి ఎత్తి గట్టిపడని రకం సీలెంట్ పెట్టించండి. కానీ ముప్పై ఏళ్లు దాటిన రబ్బరుకు ఏ మందూ పనిచేయదు, కొత్తది వేయించడమే మేలు. నేల ఆరాక స్క్రూడ్రైవర్ పిడితో రేకును తట్టి చూడండి. ఖంగుమనకుండా మొద్దుగా మోగిన చోట పెయింటు కింద తుప్పు పట్టింది, మ్యాట్లు మళ్లీ పరిచేముందు ఆ ముక్క వెల్డింగ్ చేయించాలి.