మ్యూజియంలో సీ లిల్లీ అని రాసి బిళ్లలే ఎందుకు పెడతారు?

మీరు అడిగినవి రెండు. సీ లిల్లీ శిలాజం అని రాసిన పెట్టెలో పువ్వు లేకుండా గుండీల్లాంటి బిళ్లలే ఎందుకున్నాయి? అలాంటివి మన వైజాగ్ బీచ్‌లో దొరుకుతాయా? నేను ఇక్కడే జియాలజీ ఎమ్మెస్సీ చేశాను. అలాంటి పెట్టెలు నా చేత్తో సర్దాను.

బీచ్‌లో దొరకవు. కైలాసగిరి ఖోండలైట్ రాయి భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోయింది, అదీ సీ లిల్లీలు పుట్టకముందే. బొర్రా గుహల సున్నపురాయి చూసి చాలామంది ఆశపడతారు కానీ అదీ అలా మారిన రాయే. మన దేశంలో వీటి కోసం హిమాలయాల్లోని స్పితి లోయ లాంటి చోట్లకు వెళ్లాలి.

ఇక బిళ్లల సంగతి. సీ లిల్లీ మొక్క కాదు, నక్షత్ర చేపకు చుట్టమైన జంతువు. పొడవాటి కాడ, దాని మీద గిన్నెలాంటి ఒళ్లు, చుట్టూ చేతులు. నీళ్లలో కొట్టుకొచ్చే తిండిని ఆ చేతులతో పట్టుకుంటుంది. కాడంతా దండలో గుచ్చిన పూసల్లా బిళ్లలే. వాటిని కలిపి ఉంచే మెత్తటి నార, ప్రాణి చచ్చిన కొద్ది రోజులకే కుళ్లిపోతుంది. బిళ్లలు చెల్లాచెదురవుతాయి. వెంటనే బురద కప్పేస్తేనే మొత్తం ఆకారం నిలుస్తుంది. జర్మనీలోని హోల్జ్‌మాడెన్‌లో అలా నిలిచింది. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట, సముద్రంలో తేలే దుంగకు అతుక్కుని పెరిగిన సీ లిల్లీల గుంపు దుంగతో సహా మునిగింది. అక్కడి హౌఫ్ మ్యూజియంలో ఆ శిలాజం ఉన్న రాతి పలక దాదాపు 100 చదరపు మీటర్లుంటుంది. శుభ్రం చేయడానికే 18 ఏళ్లు పట్టింది.

అలాగని బిళ్లలను చిన్నచూపు చూడకండి. ఒక్కో బిళ్ల ఒకే కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) స్ఫటికం. విరిగిన చోట లెన్స్ పెట్టి చూస్తే అద్దం ముక్కలా మెరుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను పక్కవాళ్లందరినీ పిలిచి చూపించాను.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు మా ల్యాబ్ కిటికీలు పగిలి ట్రేలు తడిసిపోయాయి. రాళ్లకు ఏమీ కాలేదు, లేబుళ్ల మీద సిరా కారిపోయింది. మాకందరికీ ఒకటే టెన్షన్. కాడ బిళ్లలు చాలా జాతుల్లో ఒకేలా ఉంటాయి. ఏ ఊరిదో, ఏ పొరలో దొరికిందో తెలియకపోతే వయసు చెప్పడం చాలా కష్టం. మా మేడం పాత రిజిస్టరు ముందేసుకుని మాతో పాటు మూడు వారాలు కూర్చున్నారు. నాలుగు పెట్టెలకు ఊరు దొరకలేదు. స్పితి అయ్యుంటుందని ఒకబ్బాయి అంటే, "ఊహించి రాయొద్దు నాన్నా, తెలియదనే రాయండి" అన్నారు. నాకు ఆ చదువులో దొరికిన అతి పెద్ద పాఠం అదే.

ఆ తర్వాత ఒక్కో రాయి మీద చిన్న తెల్ల రంగు చుక్క పెట్టి, ఆరాక నల్ల ఇంకుతో నంబరు వేశాం. ఈసారి వెళ్లినప్పుడు బిళ్లల మీద అలాంటి చుక్క ఉందేమో చూడండి. ఉంటే, రిజిస్టరులో ఆ నంబరుకు ఏ ఊరు రాసి ఉందో అక్కడివాళ్లను తప్పకుండా అడగండి.