ఆక్సిజన్ 72కి పడిపోయింది... మతిమరుపు పోతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. తీవ్రమైన న్యుమోనియాతో 12 రోజులు వెంటిలేటర్‌పై ఉన్నారు. మొదటిరోజు ఆక్సిజన్ 72కి పడిపోయింది. ఇంటికొచ్చి నెలైంది. పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండట్లేదు, అడిగిందే అడుగుతున్నారు. సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. మెదడు దెబ్బతిన్నట్టేనా?

జవాబు: 72 అన్న ఒక్క అంకెను బట్టి ఆ మాట అనలేమమ్మా. ఆక్సిజన్ తగ్గితే మెదడులోని రక్తనాళాలు వెడల్పయి ఎక్కువ రక్తాన్ని తెచ్చుకుంటాయి. బీపీ నిలబడి ఉన్నంతవరకు మెదడు కొంత తట్టుకుంటుంది. బీపీ కూడా పడిపోయినా, గుండె ఆగినా అసలు ముప్పు. రక్తం పూర్తిగా ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే నష్టం మొదలవుతుంది. అందుకని డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి: ఆక్సిజన్ ఎంతసేపు తక్కువగా ఉంది, నోరాడ్రినలిన్ లాంటి, బీపీని పెంచే మందు ఎక్కించారా, సీపీఆర్ చేశారా. న్యూరాలజిస్టు మొదట అడిగేవి ఇవే.

కొత్త సంగతులను దాచుకునే మెదడు భాగం హిప్పోక్యాంపస్. అది ఆక్సిజన్ లోటుకు త్వరగా దెబ్బతింటుంది. మీరు చెప్పిన లక్షణం దానికి సరిపోతుంది. అయితే రోజుల తరబడి ఇచ్చిన మత్తుమందులు, ఐసీయూలో వచ్చే డెలీరియం (తాత్కాలిక అయోమయం) తర్వాతా ఇలాగే ఉంటుంది. సీటీ నార్మల్ అయినంత మాత్రాన దెబ్బ లేదనుకోకూడదు. ఎమ్మారైలో మరింత వివరంగా కనిపిస్తుంది, అదీ అన్నిసార్లూ కాదు. థైరాయిడ్, బీ12, సోడియం పరీక్షలు చేయించండి. నిద్రమాత్రలు ఇంకా వాడుతున్నారేమో చూడండి, వినికిడి ఎలా ఉందో చూడటమూ మరవొద్దు.

ఇప్పటికీ ఆక్సిజన్ తగ్గుతోందేమో చూడటం చాలా ముఖ్యం. కూర్చున్నప్పుడు మామూలుగా ఉండి, నడిస్తే పడిపోవచ్చు. చెయ్యి వెచ్చగా ఉంచి, ఆక్సీమీటర్ పెట్టి నిమిషం ఆగాక అంకె రాసుకోండి. నడిచాక మళ్లీ చూడండి. 90 కంటే తగ్గుతుంటే డాక్టరుకు చెప్పండి. ఇంట్లో ఆక్సిజన్ పెడుతుంటే ఫ్లో సొంతంగా పెంచొద్దు. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవారిలో అలా పెంచితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు రావచ్చు.

ఇంట్లో “గుర్తులేదా?” అని పరీక్షించకండి, జవాబు చెప్పేయండి. ఒకే నోటుబుక్కు, ఒకే చోట. మందులకు రోజువారీ గళ్ల పెట్టె. వాహనం, పొయ్యి, డబ్బు లావాదేవీలు ప్రస్తుతానికి ఒంటరిగా వద్దు. ఎక్కువ మెరుగుదల మొదటి ఆరు నెలల్లో కనిపిస్తుంది, ఆ తర్వాతా నెమ్మదిగా సాగుతుంది. నెలకే ఆశ వదులుకోవద్దు.

కోలుకుంటున్న మనిషి మళ్లీ అయోమయంలో పడినా, నడక బిగుసుకున్నా, ఒళ్లు ఉలిక్కిపడినట్టు అదురుతున్నా, ఫిట్స్ వచ్చినా అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆక్సిజన్ లోటు దెబ్బ కొందరిలో వారాల తర్వాత కూడా బయటపడుతుంది.