బ్రిటిష్ కాలంలో తెల్లవాళ్లు పైన, మనవాళ్లు కింద. వర్గాల సంగతి ఇంతేనా?

ఇంతే అనుకుంటే మా వరంగల్ వైపు పల్లెలు అర్థం కావు. మా నాయనమ్మది జనగామ దగ్గరి ఊరు, కుమ్మరి కుటుంబం. చిన్నతనంలో ఆమె తెల్లమనిషిని చూసిందే లేదు. ఆమె భయమంతా గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, ఉండే దొరంటేనే. ఆ తర్వాత ఊరిపెద్ద పటేలంటే, భూమి లెక్కలు రాసే పట్వారీ అంటే.

అట్లని తెల్లవాళ్లకు సంబంధం లేదనలేం. 1798 ఒప్పందంతో మా ప్రాంతాన్నేలే హైదరాబాద్ నిజాం ఇంగ్లీషు సైన్యం అండలోకి వెళ్లాడు. హైదరాబాద్ కోఠీలో రెసిడెంటు అనే ఇంగ్లీషు ప్రతినిధి, సికింద్రాబాద్‌లో దండు. గద్దెకు ఆ కాపలా ఉన్నంతకాలం ఊళ్లలో జనం ఏమైపోయినా పైవాళ్లకు పట్టలేదు. నిజాం కింద ఊళ్లను ఇనాముగా పొందిన జాగీర్దార్లు, ఉర్దూ చదివిన అధికారులు, వాళ్ల కింద శిస్తు వసూలు చేసే దేశ్‌ముఖ్‌లు. ఊళ్లో దొరలంటే వీళ్లే. నిజాం దివాను సాలార్‌జంగ్ సంస్కరణలతో శిస్తు వసూలు సర్కారు చేతికి పోయినా, దేశ్‌ముఖ్‌లకు ఏటా రుసుం ముట్టేది. భూములు కొలిచి రాసేటప్పుడు మంచి నేలలు వాళ్ల పేర్ల మీదికెక్కాయి. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలు సమకూరింది ఇట్లాంటి దారుల్లోనే.

అన్నిటికంటే కింద వెట్టి, అంటే కూలి లేని చాకిరి. చాకలి బట్టలుతకాలె, గొల్ల గొర్రెనియ్యాలె, గౌడ కల్లు పొయ్యాలె, మాదిగ చెప్పులు కుట్టాలె. గడీలో పెండ్లయినా, అధికారి దౌరాకు (ఊళ్లు చూసేందుకు) వచ్చినా మావాళ్లు కుండలు మోసుకపోవాలె, పైస అడగొద్దు. "మట్టి తవ్వింది మేము, కాల్చింది మేము, కుండ మాత్రం వాళ్లది" అనేది నాయనమ్మ. అప్పుకింద తరాలు జీతముండే బాగేలాల కోసం 1936లో చట్టమొచ్చింది. ఊరిదాకా రాలేదు. ఊళ్లో సర్కారంటే ఆ దొర మనుషులే కదా!

నా లెక్కలో ఈ వర్గవ్యవస్థ అసలు రూపం తెలిసేది కింది మనిషి ఒక మెట్టు ఎక్కబోయినప్పుడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ భూమి కౌలుకు తీసుకుని పంట పండించింది. వెట్టి చెయ్యాల్సిన మనిషి రైతు కావడాన్ని విసునూరు దొర ఓర్వలేదు, పంట మీదికి మనుషుల్ని పంపాడు. సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, అండతో ఆమె గింజ పోనివ్వలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తూటాలకు దొడ్డి కొమరయ్య చనిపోవడంతో తెలంగాణ సాయుధ పోరాటం రగిలింది. నాయనమ్మ వాళ్ల నాయన కూడా కౌలు చేశాడట. రెండు పంటలు బాగా పండగానే దొర ఆ చెలక (మెట్టభూమి) వెనక్కి గుంజుకున్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఎనభై దాటిన మనిషికి గొంతు వణికేది.

మొదట అనుకున్న తెలుపు నలుపుల తేడా మా దగ్గర కొంత కనబడింది ఖాజీపేట రైల్వేలో. అక్కడ ఆంగ్లో ఇండియన్లకు కాలనీ బతుకు, వాళ్ల క్లబ్బు వేరుగా ఉండేవని పెద్దలు చెప్పేవారు.

జాగీర్లు 1949లో రద్దయ్యాయి. పటేల్ పట్వారీలు మాత్రం 1980లలో ఎన్టీఆర్ తీసేసేదాకా ఉన్నారు. మా బాపు పహాణీ (భూమి రికార్డు) నకలు కోసం చెప్పులు విడిచి పట్వారీ అరుగు ముందు నిలబడ్డది ఆ ఏళ్లలోనే.