పాఠకుల ప్రశ్నలు: ఆర్డరు లేని నెలల్లో పని ఎక్కడ?

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. చిన్నతనం నుంచి సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడుపుతున్నాను. ఆర్డర్లు ఉన్న నెలల్లో ఇల్లు గడుస్తుంది, లేని నెలల్లో నా భార్య చుట్టే బీడీలే ఆధారం. కొత్త రకం మగ్గాలు వస్తే మాలో చాలామందికి పని ఉండదంటున్నారు. శిక్షణ తీసుకోమని చెప్పేవారున్నారు గానీ, ఈ వయసులో నేర్చుకుంటే పని ఎవరిస్తారు? ప్రభుత్వం మావంటి వారికి చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక మరమగ్గాల కార్మికుడు, సిరిసిల్ల

జవాబు: ఈ వయసులో పని ఎవరిస్తారన్న మీ సందేహం న్యాయమైనదే. శిక్షణనిచ్చి ఉద్యోగం చూపించడానికి 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ప్రధానంగా 15 నుంచి 35 ఏళ్ల గ్రామీణ యువత కోసం ఉద్దేశించినది. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణ కాలానికి రోజుకు 500 రూపాయల భృతి ఇస్తారు. అయితే అందులో చేర్చిన 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది గానీ మరమగ్గం పని లేదు. ఇక ఉపాధి హామీ పని గ్రామాలకే పరిమితం కాబట్టి, సిరిసిల్ల వంటి మున్సిపల్ పట్టణంలో కాపురముంటున్న కార్మికుడికి ఆ ఆసరా కూడా అందదు.

మీ పట్టణానికి కొంతకాలం ఊపిరి పోసినవి 2017లో మొదలైన బతుకమ్మ చీరలు. ప్రభుత్వమే పెద్ద ఎత్తున కొనడం వల్ల బట్టల పరిశ్రమ ఉన్న భివండీకీ సూరత్‌కూ వలస పోవాల్సిన కుటుంబాలు కొన్నయినా ఇంటిపట్టున నిలిచాయి, ఆ మేలును తక్కువ చేసి చూడకూడదు. కానీ ఒక్క కొనుగోలుదారు మీద పట్టణమంతా ఆధారపడితే, ఆ కొనుగోలు ఆగిన నాడు ఏమవుతుందో 2024లో మీరే చూశారు. తరువాత మహిళా సంఘాల సభ్యుల చీరల ఆర్డరు వచ్చింది, అదీ అవసరమే. అయితే చీరల ఆర్డరు పూర్తయ్యాక వచ్చే ఖాళీ నెలలకు ఎవరు బాధ్యత వహిస్తారన్నది అప్పటికీ తేలలేదు.

ఈ దేశంలో ఆ బాధ్యతను ప్రభుత్వం కొంతమేరకు తలకెత్తుకున్న సందర్భం ఒకటి ఉంది. బట్టల మిల్లులు వరుసగా మూతపడుతున్న రోజుల్లో, 1986లో కేంద్రం పెట్టిన పునరావాస నిధి నుంచి పని పోయిన అర్హులైన కార్మికులకు మొదటి ఏడు జీతంలో 75 శాతం, రెండో ఏడు 50, మూడో ఏడు 25 శాతం చెల్లించేవారు. వేరే పని వెతుక్కునే గడువులో పొయ్యి ఆరిపోకూడదన్న ఆలోచన దాని వెనుక ఉంది. మరమగ్గాల షెడ్లలో పనిచేసేవారికి ఇటువంటిది అందకపోవడానికి పెద్ద కారణం, వారిలో ఎక్కువమంది పేరు ఏ హాజరు పుస్తకంలోనూ లేకపోవడం, కూలి మీటర్ల లెక్కన చేతికి అందడం. పని చేసినట్టే కాగితం మీద లేనివాడికి పని పోయినట్టు కాగితం ఎవరిస్తారు?

అందువల్ల నేను గట్టిగా కోరేవి రెండు. మొదటిది, పట్టణ ఉపాధి హామీ. కేరళ, సంఘ సంస్కర్త అయ్యన్‌కాళి పేరిట 2010లోనే పట్టణ కుటుంబాలకు ఏడాదికి 100 రోజుల పని ఇచ్చే పథకం తెచ్చింది, రాజస్థాన్ 2022లో అదే బాట పట్టింది. సిరిసిల్లలో ఆర్డర్లు లేని నెలలకు కాలువల పూడికతీత, పార్కుల నిర్వహణ వంటి పనులు చట్టబద్ధమైన హక్కుగా దొరికితే, అడ్డగోలు కూలి రేటుకు తలవంచవలసిన అగత్యం కార్మికుడికి తగ్గుతుంది. రెండోది, కొత్త మగ్గాలకు ఇచ్చే రాయితీకి షరతు. ర్యాపియర్ మగ్గాలు తక్కువ మందితో ఎక్కువ బట్ట నేస్తాయి. ప్రజల సొమ్ముతో అవి కొనే యజమాని, పాత షెడ్డులోని వారికి అక్కడే, కూలి ఇస్తూనే, పని నేర్పి తీసుకోవాలన్న నియమం ఉండాలి. ఇన్నేళ్లు నూలు తెగిన చప్పుడును చెవితోనే పట్టిన మనిషిని నైపుణ్యం లేనివాడని పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఈలోగా మీరు అసంఘటిత కార్మికుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకోండి. మీకు పని ఇచ్చే ఆసామి నుంచి కూలి వీలైనంతవరకు బ్యాంకు ఖాతా ద్వారా తీసుకోండి. రేపు ఏ సాయం వచ్చినా మీరు కార్మికులేనని చూపడానికి ఆ లెక్క అక్కరకొస్తుంది.

ప్రశ్న: మా ఊళ్లో కలుపు తీసే ఆడవాళ్లకు పనులు తగ్గిపోతున్నాయి. మహిళా సంఘానికి డ్రోన్ ఇప్పిస్తే ఆ లోటు తీరుతుందా?
— ఒక పాఠకురాలు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: తీరదు. మహిళా సంఘాలకు పంటల మీద మందు చల్లే డ్రోన్లు ఇప్పించే నమో డ్రోన్ దీదీ పథకం దేశమంతటికీ 15,000 సంఘాలను ఉద్దేశించినది; డ్రోన్ వచ్చిన సంఘంలోనూ దాన్ని నడిపేది ఒకరిద్దరే. తీసుకోవద్దని అనను. కానీ కలుపు పని పోయిన పదిమందికి పని కావాలంటే నారు పెంపకం, కూరగాయల సాగు, పాల సేకరణ వంటి చేతుల అవసరమున్న పనులకే సంఘం అప్పు మళ్లడం మేలు.