అందరికీ ఒకే గిన్నెలో వండే ఇంట్లో నా ఒక్కదాని తిండి ఎలా తూచుకోవాలి?

మీరు అడిగింది ఇది: "తినేది తక్కువే, అయినా బరువు తగ్గట్లేదు. వంటింటి కాటా కొంటే ఉపయోగం ఉంటుందా? అందరికీ కలిపి వండే ఇంట్లో నా ఒక్కదాని తిండి ఎలా తూచుకోవాలి? అత్తగారు ఏమనుకుంటారోనని టెన్షన్‌గా ఉంది." మూడేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. నేను, మా వారు, అబ్బాయి, అత్తయ్యగారు. వంట నేనే చేస్తాను. అప్పుడు నా వయసు 44, బరువు 78 కిలోలు. మోకాళ్ల నొప్పులు మొదలైతే డాక్టరుగారు బరువు తగ్గమన్నారు. రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమని తెలిసినవాళ్లంతా చెప్పారు. నాలుగు నెలలు అలాగే చేశాను, కిలో కూడా తగ్గలేదు. చాలా బాధేసింది. ఆ తర్వాతే వన్‌టౌన్‌లో స్టీలు సామాను కొనడానికి వెళ్లినప్పుడు, 5 కిలోల వరకు తూగే చిన్న డిజిటల్ కాటా తెచ్చుకున్నాను.

మొదటి వారం ఏమీ తగ్గించలేదు. రోజూ తినేదే తిన్నాను, తూచి పుస్తకంలో రాశానంతే. రెండు గరిటెలే అనుకున్న మధ్యాహ్నం అన్నం 410 గ్రాములు తూగింది. వండిన అన్నం 100 గ్రాములకు 130 కేలరీల దాకా ఉంటాయి, అంటే కూర, పప్పు లెక్కలోకి రాకముందే 530. ముద్దపప్పులో "ఒక చెంచా" నెయ్యి 14 గ్రాములు. సాయంత్రం టీవీ చూస్తూ తినే వేయించిన పల్లీలు 45 గ్రాములు, వాటితోనే 250 కేలరీలు వచ్చేస్తున్నాయి.

చపాతీల సంగతీ అప్పుడే అర్థమైంది. నా చపాతీ ఒక్కోదానికి పిండి 35 గ్రాములు, కాల్చేటప్పుడు నూనె 5 గ్రాములు. మూడు తింటే పిండితో 350, నూనెతో 135, మొత్తం 485 కేలరీలు. అంతకుముందు రాత్రి తినే 300 గ్రాముల అన్నంలో 390 ఉండేవి. అంటే నాలుగు నెలలపాటు అన్నం మానేసి అంతకంటే ఎక్కువే తిన్నాను. చపాతీది తప్పు కాదు, నూనె రాయకుండా పుల్కాల్లా కాల్చుకుంటే సరిపోయేది. చూస్తే తెలియని విషయం ఇది, తూచాకే తెలిసింది.

అన్నిటికంటే పెద్ద సంగతి నూనె. దీనికి చక్కని పద్ధతి ఉంది, తప్పకుండా చేసి చూడండి. నూనె డబ్బాని మూతతో సహా కాటా మీద పెట్టి టేర్ బటన్ నొక్కండి, సున్నా చూపిస్తుంది. డబ్బా తీసి, ఎప్పటిలా బాణలిలో పోసి, మళ్లీ కాటా మీద పెట్టండి. మైనస్ 60 అని కనిపిస్తే 60 గ్రాములు పోశారన్నమాట. నెయ్యి గిన్నెకీ, ఆవకాయ జాడీకీ, కందిపొడి సీసాకీ ఇదే పద్ధతి. చెంచాలు కొలవక్కర్లేదు, అదనంగా కడుక్కునే గిన్నెలు ఉండవు. గుత్తివంకాయ చేసిన రోజు నేను పోసింది 62 గ్రాములు. గ్రాము నూనెకు 9 కేలరీలు, ఆ ఒక్క కూరలో నూనెతోనే 558. పైగా పప్పులో తాలింపు, పచ్చడిలో తాలింపు, రాత్రికి వేపుడు.

కాటా లేకుండానే దీన్ని సరిచూసుకోవచ్చు. మా ఇంట్లో నెలకు లీటరు నూనె ప్యాకెట్లు 5 అయ్యేవి. లీటరంటే 910 గ్రాములు. నలుగురికి, 30 రోజులకు పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల రోజువారీ భోజనానికి చెప్పే నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములే. ఆ లెక్కన నలుగురికి నెలకు మూడున్నర ప్యాకెట్లు, అదీ నెయ్యి కలుపుకుని. మీరు నెలకు ఎన్ని ప్యాకెట్లు తెప్పిస్తున్నారో ఒకసారి లెక్కేయండి.

ఇక ఒకే గిన్నెలో వంట సంగతి. మీ కుక్కర్ గిన్నె, కూర బాణలి, పప్పు గిన్నె ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి తూచి, ఆ బరువులు కాగితం మీద రాసి వంటింటి అలమర తలుపుకి లోపలివైపు అంటించండి. వండాక గిన్నెతో సహా తూచి ఖాళీ బరువు తీసేస్తే కూర ఎంతో తెలుస్తుంది. ఉదాహరణకు బెండకాయ వేపుడు మొత్తం 480 గ్రాములు వచ్చింది, నూనె 40 గ్రాములు పోశారు. మీరు 120 గ్రాములు వడ్డించుకుంటే కూరలో నాలుగో వంతు, కాబట్టి మీ వాటా నూనె 10 గ్రాములు. మిగతావాళ్లు ఎంత తిన్నారో మీకు అక్కర్లేదు. విడిగా వండుకోవాల్సిన పనీ లేదు.

అన్నం దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకండి. బియ్యం 100 గ్రాములకు దాదాపు 350 కేలరీలు, అన్నం 100 గ్రాములకు 130. నేను పది రోజులపాటు అన్నం తూచి బియ్యం లెక్క రాసుకున్నాను. 250 గ్రాముల అన్నానికి 875 కేలరీలు అని రాసుకుని, భయపడి మిగతావన్నీ తగ్గించేశాను. నీరసం, తలనొప్పి, ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే కళ్లు తిరిగాయి. ఫోన్ యాప్‌లో ఎంచుకునేటప్పుడు వండినదా, పచ్చిదా అని తప్పకుండా చూడండి. మా ఇంట్లో 300 గ్రాముల సోనా మసూరి వండితే 840 గ్రాముల అన్నం అవుతుంది. బియ్యం పాతదైనా, నీళ్లు కాస్త ఎక్కువ పోసినా ఇది మారుతుంది కాబట్టి మీ ఇంటి లెక్క మీరే ఒకసారి వేసుకోండి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు సాధారణంగా 180 మిల్లీలీటర్లది, అందులో 150 గ్రాముల దాకా బియ్యం పడుతుంది. వంటల వీడియోల్లో చెప్పే కప్పు ఎక్కువగా 240 మిల్లీలీటర్లది. ఈ తేడా చాలామంది గమనించరు.

కాటా మీద మన కంచం పెడితే అంకెలు కనిపించవు. ముందు చిన్న గిన్నె బోర్లించి, దాని మీద కంచం పెట్టి, టేర్ నొక్కండి. ఫ్యాన్ కింద పెడితే అంకెలు ఊగుతుంటాయి. ఒకటి రెండు గ్రాములు కొంచెం కొంచెంగా వేస్తే కొన్ని కాటాలు పట్టుకోలేవు. నమ్మకం లేకపోతే గిన్నె పెట్టి టేర్ నొక్కి, కొలగ్లాసుతో 200 మిల్లీలీటర్ల నీళ్లు పోసి చూడండి, 200 గ్రాములు రావాలి.

అన్నీ తూచక్కర్లేదు. తోటకూర, సొరకాయ, దోసకాయ, మజ్జిగ నేనెప్పుడూ తూచలేదు, ఆ ఓపిక అన్నం, నూనె, నెయ్యి, పల్లీలు, పొడుల మీద పెట్టండి. పప్పు మాత్రం తగ్గించకండి. వండని కందిపప్పు 100 గ్రాముల్లో ప్రొటీన్ 22 గ్రాములు ఉంటుంది, కానీ తూచి చూస్తే నా వాటాకి వచ్చేది అలాంటి వండని పప్పు 25 గ్రాములే. దాన్ని 40 చేశాను, ఒక గుడ్డు కలిపాను, అన్నం 220కి తగ్గించాను. ఆకలి వేయకపోవడానికి అదే కారణమని నా నమ్మకం. ఇంకొకటి, వండే ఆడవాళ్లకే తెలిసేది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది పారేయలేక నేనే తినేదాన్ని. ఒక వారం దాన్ని కూడా తూచాను, రోజుకు 80 నుంచి 150 గ్రాములు! ఇప్పుడది డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి వెళుతుంది.

అత్తగారి విషయం. మా అత్తయ్యగారు మొదటిరోజు "అన్నాన్ని తూస్తారా ఎక్కడైనా?" అన్నారు. నొచ్చుకున్నారని అర్థమైంది. కంచం తూచడం ఆపేసి, నేను వంటింట్లోనే చిన్న స్టీలు గిన్నెలో అన్నం పెట్టుకుని తూచి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. నెల తర్వాత ఒకరోజు ఆవిడే తన పెళ్లినాటి సోల తీసి, ఇందులో బియ్యం ఎంత పడుతుందో చూడమన్నారు. ఆవిడ జీవితమంతా మనిషికింత అని కొలిచే ఎసట్లో పోశారు. అది గుర్తొచ్చాక ఇంక నన్నేమీ అనలేదు. మీకు మోకాళ్లకో, షుగర్‌కో డాక్టరు బరువు తగ్గమని చెప్పి ఉంటే, ఆ సంగతి మీ అత్తగారికి ముందే నెమ్మదిగా చెప్పి చూడండి.

ఎనిమిది నెలల్లో 69కి వచ్చాను. మూడు నెలలు రోజూ తూచాను, తర్వాత అన్నం, నూనె మాత్రమే. ఇప్పుడు ఆ స్టీలు గిన్నె నిండితే 220 అని తెలుసు కాబట్టి వారానికి రెండుసార్లు సరిచూసుకుంటాను. పెళ్లి భోజనంలో, దుర్గమ్మ ప్రసాదం దగ్గర, పుట్టింట్లో తూకం జోలికి పోను. షుగర్ మందులో ఇన్సులినో వాడుతున్నా, పాలిచ్చే తల్లి అయినా డాక్టరుని అడక్కుండా అన్నం తగ్గించకండి. అంకెలు చూసి తినాలంటే భయం వేస్తున్నా, తిన్నందుకు ఏడుపొస్తున్నా కాటా పక్కన పెట్టేయండి, ఎవరికైనా చెప్పండి.

కాటా వచ్చాక ముందు నూనె డబ్బాతో మొదలుపెట్టండి. వారం రోజులు ఏమీ తగ్గించకుండా రాసి, ఆ లెక్కలు ఇక్కడ పెట్టండి. ఏది తగ్గించాలో, ఏది ముట్టుకోకూడదో కలిసి చూద్దాం.