ఒక హెలికాప్టర్ గాల్లో ఉండగానే వేరే విమానంలా ఎలా ప్రవర్తిస్తుంది?

ఇంకా తయారుకాని విమానం ఎలా ఎగురుతుందో ముందే చూడటానికి హెలికాప్టర్‌ని అలా నటింపజేస్తారు. కిటుకంతా పైలట్ చేతికీ రోటర్‌కీ (పైన తిరిగే రెక్కలకీ) మధ్య కూర్చున్న కంప్యూటర్‌లో ఉంది. పరీక్ష పైలట్ స్టిక్ కదిపితే ఆ కదలిక నేరుగా రోటర్‌కి వెళ్లదు, ముందు కంప్యూటర్‌లోని గణిత నమూనాకి వెళ్తుంది, "ఇంకా తయారుకాని ఆ విమానమైతే ఇప్పుడు ఎంత వేగంగా పక్కకి ఒరిగేది?" అని అది లెక్కగట్టి, హెలికాప్టర్ కూడా అచ్చం అలాగే ఒరిగేలా రోటర్‌కి ఆదేశాలిస్తుంది.

పక్క సీట్లో సేఫ్టీ పైలట్ ఉంటారు. ఏదైనా తేడా వస్తే వెంటనే ఆ సిస్టమ్‌ని తప్పించి కంట్రోల్ తన చేతిలోకి తీసుకుంటారు.

జర్మనీ పరిశోధన సంస్థ డీఎల్ఆర్ దీనికి మొదట బో 105, తర్వాత ఈసీ 135 హెలికాప్టర్లు వాడింది. కెనడా జాతీయ పరిశోధన సంస్థ ఎన్ఆర్‌సీ బెల్ 205, బెల్ 412 వాడింది. బో 105 రోటర్‌కి కీళ్లుండవు, అందుకే చాలా చురుగ్గా స్పందిస్తుంది, ఈ పనికి ప్రాణం అదే: చురుకైన యంత్రాన్ని మందకొడిగా నటింపజేయొచ్చు కానీ మందకొడి యంత్రాన్ని చురుగ్గా మార్చలేం.

హెలికాప్టరే ఎందుకంటే, నిట్టనిలువుగా లేచే విమానాలకి అసలు కష్టం నేల దగ్గర, గాల్లో నిలబడ్డప్పుడు వస్తుంది, మామూలు విమానం అక్కడ ఆగలేదు. నేల మీది సిమ్యులేటర్ ఎంత మంచిదైనా, నిజమైన గాలి కుదుపు, కళ్లముందు పైకి దూసుకొచ్చే నేల పూర్తిగా ఇవ్వలేదు, పైలట్ చెయ్యి బిగుసుకునేది వాటికే.

పరిమితి కూడా ఉంది. హెలికాప్టర్‌కి ప్రధాన కంట్రోళ్లు నాలుగే, కదలికలు ఆరు (ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందికీ జరగడం, మూడు రకాలుగా తిరగడం), అన్నింటినీ ఒకేసారి ఆ విమానం కదలికలకి సరిపోయేలా చేయడం కుదరదు.