క్యాథలిక్ మహిళల సేవా సంఘంలో క్రైస్తవులు కానివాళ్ళు చేరొచ్చా? పేద పిల్లలకు వాళ్ళు నిజంగా ఏం చేస్తారు?

చేరొచ్చు. నేను చేరాను. మాది విజయనగరం. మా ఇంట్లో పెద్ద పండగంటే పైడితల్లమ్మ సిరిమానే. అయినా మా వీధి చివర ఉన్న చర్చి మహిళల సంఘానికి తొమ్మిదేళ్ళ నుంచి పసిపిల్లల బట్టలు కుడుతున్నాను. నన్ను ఎవరూ మతం గురించి అడగలేదు. బుధవారం మధ్యాహ్నం కూర్చోగానే వాళ్ళు జపమాల చెప్పుకుంటారు, ఆ కాసేపు నేను జుబ్బాలకు నాడాలు కత్తిరించుకుంటాను. తర్వాత అందరం మిషన్ల ముందుకు వెళతాం.

ఇక ఏం చేస్తారన్నది. దీనికి నా దగ్గర ఒక్క సంగతి ఉంది, అది చెప్తాను.

నేను చేరిన రెండో ఏడాది డిసెంబరు. క్రిస్మస్‌కి ముందు ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి వార్డులో పుట్టిన పిల్లలకు బట్టలు ఇవ్వాలని నెల రోజులు కుట్టాం. ఈ పని ఎక్కడ మొదలైందో మాకు చర్చి సిస్టర్ గారు చెప్పారు. అమెరికాలో వాషింగ్టన్‌లో మేరీ వర్జీనియా మెరిక్ అనే అమ్మాయి చిన్నప్పుడు కింద పడి, ఇక జీవితాంతం నడవలేకపోయింది. ఆమె స్నేహితుల్ని కూర్చోబెట్టుకుని, పేదింట్లో పుట్టబోయే బిడ్డకు బట్టలు కుట్టించింది. అదే 1887లో క్రైస్ట్ చైల్డ్ సొసైటీ అయింది. బాలయేసును పొత్తిగుడ్డల్లో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టారని బైబిల్లో ఉంది కదా, పుట్టే ప్రతి బిడ్డనూ అలా చూడాలన్నది ఆమె ఆలోచన. ఆ మాట నాకు చాలా నచ్చింది. మంచం మీద నుంచి లేవలేని మనిషి అంత పని చేయించిందంటే నేను ఇంట్లో ఖాళీగా ఎందుకు కూర్చోవాలి అనిపించింది.

అందుకని బాగా కుట్టాం. లేసులు, శాటిన్ రిబ్బన్లు, చేతులకు ఎలాస్టిక్. అలాంటి ప్యాకెట్లు ఆరు పట్టుకుని వార్డుకు వెళ్ళాం.

మూడో మంచం మీద సాలూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి. బిడ్డ కేజీ ఎనిమిది వందలు. రెండున్నర కేజీలకు తగ్గితేనే బరువు తక్కువ అంటారు, వీడు దానికీ చాలా కిందున్నాడు. నేను ప్యాకెట్ విప్పి గౌను చూపించాను. పక్కనున్న అత్తగారు చేయి అడ్డం పెట్టింది.

"పురుడెల్లకుండా కొత్తగుడ్డ ఎలా ఏత్తామమ్మా? పాత కోకముక్కుంటే ఇయ్యండి."

నాకు తల కొట్టేసినట్టయింది. నా పిల్లలిద్దరినీ పురుడు రోజు దాకా మా అమ్మ పాత చీరముక్కల్లోనే ఉంచింది. నాకు తెలిసిన విషయమే. నెల రోజులు కుడుతూ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఈలోగా స్టాఫ్ నర్సు వచ్చి, ఈ బిడ్డకు గౌను అసలు పనికిరాదు మేడమ్ అంది. బరువు తక్కువ పిల్లల్ని తల్లి గుండెల మీద, ఒంటికి ఒళ్ళు ఆనేలా పడుకోబెట్టాలి, కంగారూ కేర్ అంటారు, ఒంటి మీద టోపీ, సాక్సులు, గోచీగుడ్డ తప్ప ఏమీ ఉండకూడదు అని చెప్పింది. మా ఆరు ప్యాకెట్లలో ఒక్క టోపీ లేదు.

మాతో వచ్చిన పెద్దమ్మ గారు జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ గబగబా ఇంటికి వెళ్ళి, ఉతికి ఉతికి మెత్తబడిన తన నేత చీర తెచ్చింది. నర్సు ఒప్పుకోలేదు. వేడినీళ్ళలో ఉడకబెట్టి, ఎండేసి, ఇస్త్రీ చేసి తెండి అంది. సరిగ్గానే చెప్పింది. ఆ రాత్రి ఆవిడ ఆ పని చేస్తుంటే నేను ఊలుతో రెండు టోపీలు అల్లాను. పొద్దున్నే మళ్ళీ వెళ్ళాం.

మేం మళ్ళీ వస్తామని ఆ అమ్మాయి అనుకోలేదు. ముందు రోజు ఒక్క మాటా మాట్లాడని పిల్ల, చీరముక్కలు చేతిలోకి తీసుకుని ఏడ్చింది. భర్త చెన్నైలో బిల్డింగ్ పనికి వెళ్ళాడు. నాలుగేళ్ళ పెద్దపిల్లను ఊళ్ళో పక్కింట్లో వదిలి వచ్చారు. ఆ పిల్లకు చెవిలోంచి చీము కారుతోంది, అన్నం తినట్లేదని కబురొచ్చింది. అత్త ఇక్కడి నుంచి కదలలేదు, అక్కడ చూసేవాళ్ళు లేరు. ఇదీ ఆమె టెన్షన్.

ఆ శుక్రవారం మాలో ఇద్దరు రామభద్రపురం మీదుగా బస్సులో ఆ ఊరు వెళ్ళారు. పిల్లను పీహెచ్‌సీకి తీసుకెళ్ళి మందులు వేయించారు. తర్వాత వంతులు వేసుకుని వారానికి ఒకరం వెళ్ళాం, చెవి తగ్గేదాకా, అంగన్‌వాడీకి అలవాటు పడేదాకా. ఇప్పుడా పిల్ల బడికి వెళుతోంది. తమ్ముడూ వెళుతున్నాడు.

ఆ అత్తగారు మొదటి రోజే మర్యాదకి గౌను తీసుకుని ఉంటే మేం సంతోషంగా ఇంటికి వచ్చేసేవాళ్ళం. ఆ పిల్ల చెవి సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అందుకే నా లెక్కలో సంఘం మంచిదా కాదా అన్నదానికి ఒకటే పరీక్ష: రెండోసారి వస్తారా లేదా. డిసెంబరులో అందరూ వస్తారు. జులైలో, జ్వరాల రోజుల్లో ఎవరొస్తారో చూడండి. మా సిస్టర్ గారు ఇంకో కథ చెబుతారు. 1617లో ఫ్రాన్స్‌లో షాటియోన్ అనే ఊళ్ళో ఒక ఇంట్లో అందరూ జబ్బుపడ్డారు. ఆ ఊరి ఫాదర్ విన్సెంట్ దె పాల్ గుడిలో ఆ సంగతి చెప్పగానే ఊరి ఆడవాళ్ళంతా ఒకే రోజు తిండి మోసుకెళ్ళారు. ఈరోజు ఇంత తెస్తే పాడైపోతుంది, రేపు మళ్ళీ పస్తే కదా అని ఆయన వాళ్ళకు వంతులు వేశాడు. క్యాథలిక్ ఆడవాళ్ళ సేవా సంఘాలకు మొదలు అదేనంటారు. ఇన్ని వందల ఏళ్ళ కిందట తెలిసిన సంగతి మన దాతలకు ఇంకా తెలియట్లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మేం ఉద్దానం వెళ్ళాం. కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి, కరెంటు లేదు. వాళ్ళకు కావలసింది తాగునీళ్ళు, టార్పాలిన్లు, కొవ్వొత్తులు, పిల్లలకు పాలపొడి. లారీల్లో వచ్చినవి జరీ ఊడిన పెళ్ళి చీరలు, హుక్కుల్లేని జాకెట్లు. రోడ్డు పక్కన కుప్పలుగా తడుస్తుంటే చూశాను. వాటి ముందు బ్యానర్ కట్టి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటోలు తీసినవాళ్ళను కూడా చూశాను. తీసుకునే పిల్లకు ముఖం ఉంటుంది, రేపు బళ్ళో అదే ఫోటో ఎవరో చూపిస్తారు. మా సంఘంలో ఫోటో ఒద్దని తీర్మానం చేయించింది నేనే. కొందరికి నా మీద కోపం వచ్చింది, రానీ.

మా వైపు చర్చిల్లో చాలావాటికి పల్లెలు దూరం, బస్సులు తక్కువ. అందుకని చేరేవాళ్ళలో కుట్టడం వచ్చినవాళ్ళకంటే నడవగలిగినవాళ్ళు ఎక్కువ అవసరం. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, చేరే ముందు మీ దగ్గరి సంఘాన్ని పోయిన జులైలో ఏ ఇంటికి వెళ్ళారని అడగండి.

మా ప్యాకెట్ ఇప్పుడిలా ఉంటుంది: రెండు టోపీలు, రెండు జతల సాక్సులు, ఉడకబెట్టి ఇస్త్రీ చేసిన పాత నేత చీర పొత్తిగుడ్డలు పన్నెండు. ముందు ముడివేసే కొత్త జుబ్బాలు మూడు, వేరే కవరులో, పైన "పురుడు తర్వాత" అని రాసి. మీ ఇంట్లో పాత నూలు చీరలుంటే తెండి. అంచు చించి, జరీ తీసేసి ఇవ్వండి. పాలిస్టర్ వద్దు, తడి పీల్చదు, బిడ్డకు ఒళ్ళు ఒరుసుకుపోతుంది.